రాగి చారలున్న మా భూమిని అమ్మబోయిన 15 నెలలు: నా అనుభవం

మా నాన్నగారు 2023 డిసెంబరులో పోయారు. కర్మకాండలన్నీ ముగిసి బంధువులు వెళ్ళిపోయాక, 2024 ఫిబ్రవరి మొదటి ఆదివారం నాడు, అమ్మ ఆయన మంచం కింద ఉన్న రేకు పెట్టెను నా చేత బయటికి లాగించింది. అందులో పాత దినపత్రికల కాగితాల్లో విడివిడిగా చుట్టి, దారం కట్టి, ఒక్కొక్క పొట్లం మీద ఇంకుతో అంకె వేసిన 43 రాళ్ళు, ఒక పొడుగాటి లెక్కల పుస్తకం, ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టిన కొన్ని కాగితాలు ఉన్నాయి. వాటిని నమ్ముకుని తరువాతి 15 నెలలు నేను ఎక్కిన గుమ్మాలు, పెట్టిన ఖర్చు, మోసపోయిన తీరు వరుసగా రాస్తున్నాను. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో 22 ఏళ్ళుగా గుమాస్తాను; గనుల సంగతి నాకు నాన్నగారి నోట విన్నంత మేరకే తెలుసు.

ఆయన బొల్లాపల్లి మండలం బండ్లమోటులో హిందూస్థాన్ జింక్ సంస్థ నడిపిన సీసపు గనిలో పనిచేశారు. గని మూతపడ్డాక మేము గుంటూరుకు వచ్చేశాం. అంతకు ముందే, 1991లో, గనికి కొద్ది దూరంలో ఒక కొండవాలున 6 ఎకరాల 20 సెంట్ల మెట్ట భూమి కొన్నారు. ఆ పొలం ఎగువ మూలలో ఎవరో ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గాడి ఒకటి ఉంది. దాని గోడల్లో తెల్లటి పలుగురాతి చారలు, ఆ చారల అంచుల వెంట పచ్చని, నీలపు పూత, ఒకచోట మాత్రం లేత గులాబీ రంగు కనబడతాయి. ఆ ప్రాంతంలో రాగి ఉందన్నది కట్టుకథ కాదు. అగ్నిగుండాల చుట్టుపక్కల బండ్లమోటులో సీసం, నల్లకొండ, ధూకొండల్లో రాగి ఉన్నాయని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారు ఎప్పుడో తేల్చారు. కాబట్టి మా నాన్నగారి ఆశకు ఆధారం లేదని నేను ఇప్పటికీ అనను.

నా చిన్నతనంలో ఆయన ఒక పని చేసి చూపించేవారు. రాతి మీది పచ్చ పూతను గీకి, ఆ పొడిని పింగాణీ సాసరులో పోసి, బ్యాటరీ యాసిడ్ నాలుగు చుక్కలు వేసేవారు. అది బుసబుస పొంగి నీలి నీరయ్యేది. గరుకు కాగితంతో రుద్దిన ఇనప మేకును అందులో ముంచి, నన్ను వంద వరకు లెక్కపెట్టమనేవారు. నేను వందకు చేరేలోపే మేకు మొన ఎర్రబడేది. గుడ్డతో తుడిస్తే కొత్తగా తోమిన రాగి చెంబులా మెరిసేది. లెక్కల పుస్తకంలో ప్రతి రాతికీ రెండు మూడు వరుసల వివరణ రాసి, మొదటి పేజీలో మాత్రం పెద్ద అక్షరాలతో "నీలం: రాగి. పచ్చ: నికెలు. గులాబీ: కోబాల్టు" అని రాసుకున్నారు. కోబాల్టు ఖనిజానికి గాలీ నీరూ తగిలితే గులాబీ పూత పూస్తుందని, నికెలు ఖనిజానికైతే ఆపిల్‌పచ్చ పూత పూస్తుందని గనిలో ఒక అధికారి పాఠ్యపుస్తకం తెరిచి ఆయనకు చూపించారట.

కాగితాల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది 1991 నాటి క్రయ దస్తావేజు. అందులో "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ తేజస్వామ్యములతో సహా" అన్న వాక్యంలో "పాషాణ" అన్న మాట కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీసి ఉన్నాయి. రెండోది, 2009లో ఖనిజాన్వేషణ అనుమతి కోసం ఫారం బీలో ఆయన పెట్టుకున్న దరఖాస్తు నకలు. దాని మీద కార్యాలయం వారి అందినట్టు ముద్ర, చలానా కాగితం ఉన్నాయి. ఈ రెండూ చేతిలో ఉంటే ఆ రాళ్ళు మావేనని ఆయన నమ్మారు. ఆయన పోయాక మేమూ అలాగే నమ్మాం. మూడు కోట్లు అన్న అంకెను మా ఇంట్లో మొదట ఎవరు పలికారో గుర్తు లేదు కానీ, రెండు వారాలు తిరిగేసరికి అదే ధర అయి కూర్చుంది. బ్యాటరీ కార్ల కాలంలో కోబాల్టు బంగారంతో సమానమని మా బావగారు అన్నారు. అక్క తన వాటాతో హైదరాబాదులో ఫ్లాటు చూడటం మొదలుపెట్టింది.

విదేశాల్లో ఇలాంటి భూములు అమ్మకానికి పెట్టే ప్రకటనలను అంతకు ముందు చూసి ఉన్నాను కనుక, వాటి ధోరణిలోనే "రాగి, కోబాల్టు, నికెలు సిరలు గల ఖనిజ భూమి అమ్మబడును" అని రాసి, 2024 మార్చి 11న స్థలాల ప్రకటనల్లో వేయించాను. మూడు వారాల్లో 11 ఫోన్లు వచ్చాయి. వాటిలో ఎనిమిది మంది మధ్యవర్తులు, ఇద్దరు కుతూహలం కొద్దీ అడిగినవారు, ఒకాయన రంగురాళ్ళ వ్యాపారి. మార్చి 22న ఫోన్ చేసిన మధ్యవర్తి తన దగ్గర విదేశీ కంపెనీ ఒకటి సిద్ధంగా ఉందని, వారికి చూపించడానికి విలువ నిర్ధారణ పత్రం కావాలని, దానికి 60,000 రూపాయలవుతుందని చెప్పాడు. మిర్చి యార్డులో రోజుకు వందల టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చూసేవాణ్ణి, సరుకు చూడకుండా ధర కట్టేవాణ్ణి నమ్మకూడదని నాకు తెలియక కాదు. ఏప్రిల్ 3న ఫోన్ ద్వారా డబ్బు పంపాను. 12 రోజులకు నాలుగు రంగుల పేజీల పత్రం వచ్చింది. మా భూమి విలువ 84 కోట్లని అందులో ఉంది. పొలానికి ఎవరూ రాలేదు. అక్షాంశ రేఖాంశాలను మా అబ్బాయి ఫోన్లో కొట్టి చూస్తే అవి సూర్యలంక అవతల సముద్రంలో తేలాయి. ఆ తరువాత ఆ నంబరు పలకలేదు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు మాత్రం తిరిగి రాలేదు. ఈ సంగతి అమ్మకు ఆగస్టు దాకా చెప్పలేదు.

అదే సమయంలో వారసత్వపు పని మొదలుపెట్టాను. ఏది అమ్మాలన్నా ముందు పాసుపుస్తకం మా పేర్లకు మారాలి కదా. ఉగాదికి ముందు రోజు, ఏప్రిల్ 8న, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టాను. మే 13న ఎన్నికలు, జూన్ 4న లెక్కింపు. ఎవరిని అడిగినా ఎన్నికల విధుల్లో ఉన్నామన్నారు. ఆ పత్రం జూన్ 11న చేతికొచ్చింది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పొలం ఉన్న ఊరు నాన్నగారు కొన్ననాటికి గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా. పాత కాగితాలు ఒక జిల్లా పేరుతో, కొత్త కాగితాలు మరో జిల్లా పేరుతో ఉండటం వల్ల ప్రతిచోటా ఇది ఆ భూమేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఒకరు గుంటూరులో అడగమన్నారు, గుంటూరులో నరసరావుపేట వెళ్ళమన్నారు. ఆ వేసవిలో ఆ దారిలో తొమ్మిది సార్లు తిరిగాను. యార్డుకు వేసవి సెలవులు కనుక యజమానికి సంజాయిషీ చెప్పుకోనక్కర లేకపోయింది.

జూన్ 14న, మా వీధిలోనే ఉండే ఒక న్యాయవాది గారి దగ్గరికి కాగితాలన్నీ పట్టుకుని వెళ్ళాను. ఆయన దస్తావేజు చదివి, ఎర్ర గీతల దగ్గర ఆగి, "మీరు అమ్ముతున్నది ఏమిటండీ?" అని అడిగారు. గనిని అన్నాను. "మీకు గని ఎక్కడిది?" అన్నారు. అష్టభోగాల మాట ప్రతి దస్తావేజులోనూ ఉంటుందని, ఇళ్ళ స్థలాల కాగితాల్లో కూడా రాస్తారని, నిధి దొరికితే దానికి 1878 నాటి చట్టం వేరే ఉందని, ఖనిజమైతే 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా సొంత పొలంలోనైనా అన్వేషించడానికి, తవ్వడానికి వీల్లేదని వివరంగా చెప్పారు. అలా చేస్తే అయిదేళ్ళ వరకు జైలు, హెక్టారుకు 5 లక్షల వరకు జరిమానా ఉంటాయన్నారు. ఇంట్లో ఉన్న రాళ్ళను పరీక్ష చేయించుకోండి, పొలంలో మాత్రం గడ్డపార దించవద్దు అని ఆయన రెండుసార్లు హెచ్చరించారు.

నేను విదేశీ ప్రకటనల సంగతి ఎత్తాను. కెనడాలోనూ అమెరికాలోనూ ఒక మనిషి ఖనిజం ఉన్న చోటును గుర్తించి, హద్దులు చూపించి, ఆ హక్కును తన పేర నమోదు చేసుకుని మరొకరికి అమ్ముకోగలడని, అమెరికాలో అందుకు 1872 నాటి చట్టమే ఆధారమని, అక్కడ అమ్మేది ఆ హక్కునే తప్ప కొండను కాదని ఆయన చెప్పారు. మన దగ్గర 2015కు ముందు అలాంటి పద్ధతికి కొంత దగ్గరగా, ముందు దరఖాస్తు పెట్టిన వారికి ప్రాధాన్యం ఉండేది. మా నాన్నగారు 2009లో పరుగున వెళ్ళి కాగితం అందించింది అందుకే. అయితే 2015 జనవరి 12 నుంచి వేలం పద్ధతి వచ్చింది. అప్పటికి పెండింగులో ఉన్న దరఖాస్తులన్నీ, చట్టం మినహాయించిన కొన్ని తప్ప, ఒక్క సెక్షనుతో, 10ఏ అనే దానితో, అనర్హమైపోయాయి. 2023 సవరణతో కోబాల్టు, నికెలు వంటి 24 రకాల కీలక ఖనిజాల వేలం కేంద్రం చేతికి పోయింది. "మీ మూడు లోహాల్లో రాగిని రాష్ట్రం వేలం వేయాలి, మిగతా రెంటినీ కేంద్రం వేలం వేయాలి. మీరు వేయగలిగింది కంచె ఒక్కటే" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే కాళ్ళలో సత్తువ లేదు. ఎప్పుడైనా ప్రభుత్వం అక్కడ అన్వేషణ జరిపి, వేలం వేసి, ఎవరైనా గని తెరిస్తే, భూమి పైభాగానికి జరిగే నష్టానికి పరిహారం వస్తుందట. అది మా తరంలో జరుగుతుందా అని అడగడానికి నోరు రాలేదు. ఆయన ఫీజు 10,000; సగం తరువాత ఇమ్మన్నారు.

అప్పటికి నేను ఆగిపోయి ఉండవచ్చు. కానీ ఆ రాళ్ళలో నిజంగా ఏముందో తెలుసుకోకుండా ఆగడం మనసుకు ఒప్పలేదు. బజారులో విలువ లేకపోయినా నాన్నగారి మాట నిజమా కాదా అన్నది మిగిలింది. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే ఒక విశ్రాంత భూగర్భ శాస్త్రవేత్త గారిని యార్డులో ఒక రైతు పరిచయం చేశారు. ఆయన ఆగస్టు 18న మా ఇంటికి వచ్చి, 43 పొట్లాలూ విప్పి, భూతద్దంతో రెండు గంటలు చూసి, 15 రాళ్ళు వేరు చేసి సంచిలో వేసుకున్నారు. మంచినీళ్ళకని వంటింటి గుమ్మం దాకా వచ్చి గోంగూర జాడీ మూత మీద బరువుగా పెట్టిన పచ్చ చారల రాయిని చూసి, "అమ్మా, ముందు దాన్ని తీసేయండి" అన్నారు. ఉప్పూ పులుపూ తగిలితే ఆ పచ్చదనం పచ్చడిలోకి దిగుతుందట. నాన్నగారి పుస్తకంలో ఎక్కని ఆ 44వ రాయి కూడా సంచిలోకి వెళ్ళింది. అమ్మ ఆ పూటే జాడీ మొత్తం పారబోసింది.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ అంతా నీళ్ళలో ఉందని టీవీలో చూస్తూనే ఉన్నాం. ఆయనది కింది అంతస్తు. నాలుగో రోజున ఫోన్ కలిసింది. ఆయన కుటుంబంతో పైఅంతస్తు వారింట్లో ఉన్నారు, పడవల మీద తెచ్చిన అన్నం పొట్లాలతో రోజులు గడుపుతున్నారు. నేను ఫోన్ చేసింది కేవలం ఆయన క్షేమం కోసమేనని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. రాళ్ళ మాట నేను ఎత్తకముందే ఆయనే, "మీ సంచి మంచం కింద ఉంది, రాళ్ళకేం కాదు లెండి" అన్నారు. రాళ్ళకేమీ కాలేదు, వాటి మీది కాగితాలే ముద్దైపోయాయి. నాన్నగారు వేసిన ఇంకు అంకెలు ఒక్కటీ మిగల్లేదు. సెప్టెంబరు 22న నేను విజయవాడ వెళ్ళేసరికి ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ తడిసిన పరుపులు, ఫ్రిజ్‌లు కుప్పలుగా ఉన్నాయి. ఆయన ఇల్లు కడుగుకుంటూనే, బకెట్‌లో నా రాళ్ళు కూడా కడిగి వరుసగా ఆరబెట్టి ఉంచారు.

మేమిద్దరం లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. "12: పిడికిలంత, ఒక పక్క నీలం, మొన విరిగినది, గాడి కుడి గోడ, నేలకు మూడు అడుగుల ఎత్తున" వంటి వివరణలను బట్టి 15లో 11 రాళ్ళను గుర్తుపట్టగలిగాం. నాలుగు మాత్రం ఎక్కడివో తేలలేదు. రాయికి అంకె వేయదలిస్తే కాగితం మీద కాదు, రాతి మీదే తెల్లరంగు పూసి, ఆరాక దాని మీద చెరగని సిరాతో వేయాలని ఆయన చెప్పారు. ఈ ఒక్క మాట తెలియక ఎన్ని పెట్టెలు పనికిరాకుండా పోయాయో అన్నారు.

అక్టోబరు 5న కారు మాట్లాడుకుని పొలానికి వెళ్ళాం; కారుకు 4,500, ఆయనకు 8,000. ఆయన గాడిలో ఏమీ తవ్వలేదు. గోడలను చూస్తూ, టేపుతో చారల వెడల్పు కొలుస్తూ రాసుకున్నారు. అన్నిటికన్నా లావు చార 14 సెంటీమీటర్లు. చాలావాటికి బొటనవేలు అడ్డం పెడితే సరిపోతుంది. గాడి మొదట్లో ఉన్న చార పది అడుగులు పోయేసరికి సన్నగిల్లి మాయమైంది. నాన్నగారు 43 రాళ్ళూ ఎక్కడెక్కడ ఏరారో పుస్తకంలో చూసి, "మీ యార్డులో ఎవరైనా టిక్కీ పైన మేలిరకం తేజ పరిచి, కింద తాలు కాయలు నింపితే ఏమంటారు?" అని అడిగారు. దగా అంటాం అన్నాను. "మీ నాన్నగారు దగా చేయలేదు. కానీ ఏరిందంతా పైకాయే. చార బాగున్న చోటే రాయి తీశారు, చారకూ చారకూ మధ్య ఉన్న వట్టి రాయిని తీయలేదు. గని తవ్వితే వచ్చేది ఆ వట్టి రాయితో కలిపే" అన్నారు. నాకు అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఏడు నమూనాలు, ఒక్కొక్కటి కిలో చొప్పున, హైదరాబాదులోని ఒక పరీక్షశాలకు అక్టోబరు 21న ఆర్టీసీ కార్గోలో పంపాను. ప్రతి రాతినీ రెండుగా పగలగొట్టి సగం ఇంట్లో ఉంచుకోమని ఆయన ముందే చెప్పారు. కార్గో గుమాస్తా లోపల ఏముందని అడిగితే రాళ్ళన్నాను. ఎవరిమీదైనా కోపంతో పంపుతున్నారా అన్నాడు. సరుకు విలువ గడిలో ఏదో ఒకటి రాయాలన్నాడు. ఇంట్లో మూడు కోట్లని చెప్పుకుంటున్న సరుకుకు ఆ గడిలో 100 రూపాయలని నా చేత్తో నేనే రాశాను. నమూనాకు 2,800 చొప్పున 19,600. దాని మీద 18 శాతం జీఎస్టీతో 23,128 అయింది. 15 పనిదినాలన్నారు. దీపావళి వచ్చింది, యంత్రం మరమ్మతు అన్నారు. నివేదిక 37 రోజులకు, నవంబరు 27న, వచ్చింది.

దాన్ని ఫోన్లో తెరిచి ముందు రాగి వరుస చూశాను. 0.7, 1.9, 2.4 శాతం. ఎగిరి గంతేయాలనిపించింది. ఆ 2.4 శాతం వచ్చింది గోంగూర జాడీ మీది రాయికే. కోబాల్టు, నికెలు వరుసల్లో మాత్రం శాతానికి బదులు పీపీఎం అని ఉంది. కోబాల్టు 18 నుంచి 48, నికెలు 22 నుంచి 65. అంకెలు పెద్దవిగా ఉన్నాయి కదా అని ఒక గంట సేపు మురిసిపోయాను. సాయంత్రం విజయవాడకు ఫోన్ చేస్తే తెలిసింది: ఒక పీపీఎం అంటే టన్నుకు ఒక గ్రాము. ఒక శాతం అంటే టన్నుకు 10 కిలోలు. అంటే మా మేలైన రాతిలో రాగి టన్నుకు 24 కిలోలుంటే, కోబాల్టు 48 గ్రాములు. అంత కోబాల్టు, అంత నికెలు ఏ మామూలు కొండరాతిలోనైనా ఉంటాయన్నారు.

మరి గులాబీ పూత ఏమిటని అడిగాను. నివేదికలో ఆర్సెనిక్ వరుస చూడమన్నారు. ఏడింటిలోనూ అది యంత్రం గుర్తించగలిగినంత కూడా లేదు. పాఠ్యపుస్తకంలోని ఆ గులాబీ పూత కోబాల్టు, ఆర్సెనిక్ కలిసి ఏర్పడేదట, ఆపిల్‌పచ్చ పూత నికెలు, ఆర్సెనిక్ కలిసినదట. ఆర్సెనిక్ లేనిచోట ఆ రెండూ ఉండవు. మాది మాంగనీసు కలిసిన డోలమైట్ రాయి, దాని సొంత రంగే గులాబీ. ఆ తరువాత ఆయన కొంచెం తటపటాయించి ఇంకో మాట అన్నారు. "మీ నాన్నగారి మేకు మొదటి రోజే చెప్పిందండీ. ఆ పచ్చ పూత నికెలుదైతే మేకు రాగి రంగు తిరగదు." ఫోన్ పెట్టేశాక చాలాసేపు డాబా మీద కూర్చున్నాను. ఎన్నోసార్లు వంద లెక్కపెట్టిన వాణ్ణి నేనే. ఒకే పచ్చదనాన్ని యాసిడ్‌లో వేసినప్పుడు రాగి అనీ, పుస్తకంలో రాసేటప్పుడు నికెలు అనీ ఆయన ఎలా అనుకోగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకు మాత్రం ఎందుకు తట్టలేదో అదీ అర్థం కాదు.

అమ్మకు రాగి ఉందని మాత్రమే చెప్పాను. ఆమె మరో ప్రశ్న వేసింది: 2009 దరఖాస్తును అసలు ఎవరైనా చదివారా? ఆ జవాబు మాకు ఏ విధంగానూ పనికిరాదని న్యాయవాది గారు అన్నా, డిసెంబరు 9న ఇబ్రహీంపట్నంలోని గనుల, భూగర్భ శాఖ కార్యాలయానికి సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అర్జీ పంపాను. 28 రోజులకు, 2025 జనవరి 6న, జవాబు వచ్చింది. ఈ ప్రక్రియ అంతటిలో చెప్పిన గడువు లోపల వచ్చిన కాగితం అదొక్కటే. నాన్నగారి దరఖాస్తు 2015లో అనర్హమైందని ఒక్క వాక్యంలో రాసి, ఫైలులోని మూడు పుటల నకళ్ళు జతచేశారు. వాటిలో ఒకదాని మీద 2011 నాటి చేతిరాతతో "స్థల తనిఖీ చేయడమైనది, పాత గాడిలో రాగి ఆనవాళ్ళు కలవు" అని ఉంది. ఎవరో వచ్చారు, చూశారు, రాశారు. ఆ సంగతి నాన్నగారికి ఎవరూ తెలియజేయలేదు. అమ్మ ఆ పుటను నా చేత మూడుసార్లు చదివించుకుని, తన ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టుకుంది.

సంక్రాంతి తరువాత ఒకాయన యార్డుకే వచ్చి, పలుగురాయి పేరుతో చిన్న పర్మిట్ సంపాదిస్తే పచ్చరాయి కూడా అదే లారీలో పోతుందని, నెలకు ఇంత అని ఇస్తానని చెప్పాడు. న్యాయవాది గారు చెప్పిన అయిదేళ్ళ మాట గుర్తుంది కనుక టీ ఇచ్చి పంపించాను.

ఇక భూమిని భూమిగానే అమ్మాలని జనవరి నెలాఖరుకు ముగ్గురం ఒక మాట మీదికి వచ్చాం. అక్క రెండు రోజులు మాట్లాడలేదు. హద్దుల కోసం జనవరి 27న గ్రామ సచివాలయంలో ఎఫ్-లైన్ అర్జీ, అంటే పొలం కొలిపించే అర్జీ, పెడితే, సర్వేయరు గారు ఫిబ్రవరి 21న వచ్చారు. ఉపగ్రహాలతో కొలిచే పరికరాన్ని కర్ర మీద నిలబెట్టి మూల మూలకూ తిరిగారు. ఎగువ మూల రాయి పాతవలసిన చోటు గాడికి సరిగ్గా నడుమ వచ్చింది. గాడిలో కింది సగం మాది, పై సగం అటవీ భూమి. 14 సెంటీమీటర్ల చార ఉన్నది పై సగంలో. నాన్నగారు 30 ఏళ్ళకు పైగా కంచె వేసి కాపాడినదాంట్లో మంచి భాగం మాది కాదన్నమాట. ఆశ్చర్యమేమిటంటే, అప్పటికి నాకు బాధ కలగలేదు. సర్వేయరు గారికి మజ్జిగ ఇచ్చి, హద్దురాళ్ళకు కూలీ ఇద్దరికి 1,600 ఇచ్చి వచ్చాను.

కొన్నది పక్క పొలం రైతే. ఆయన్ను చిన్నప్పటినుంచీ బాబాయ్ అని పిలుస్తాను. ఎకరం 6 లక్షలకు మాట అయింది. 6 ఎకరాల 20 సెంట్లకు 37 లక్షల 20 వేలు. ఏప్రిల్‌లో బయానా ఇచ్చే రోజున ఆయన గాడి దిగువన ఉన్న మూలకు నన్ను తీసుకెళ్ళి నేల చూపించారు. కంది మోళ్ళు మిగతా చేనంతా నడుం ఎత్తున ఉంటే, అక్కడ జానెడు కూడా లేవు. "మీ నాయన ఉన్నప్పుడు అనలేదు గానీ అబ్బాయ్, ఆ పచ్చరాయి కడిగిన నీళ్ళు పారిన చోట ఏ పైరూ లేవదు. ఆ 20 సెంట్లూ లెక్కలో తీసెయ్" అన్నారు. శాస్త్రవేత్త గారికి ఫోన్ చేసి అడిగితే, రాగి ఎక్కువైన నేలలో వేళ్ళు ఎదగవన్న మాట నిజమేనన్నారు. ధర 36 లక్షలకు దిగింది. మధ్యవర్తికి పోయిన 60,000తో కలిపి అప్పటికి నేను పెట్టిన ఖర్చు లక్షా 20 వేలు దాటింది. తగ్గించిన ధర కూడా ఇంచుమించు అంతే.

2025 మే 15న వినుకొండ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్ట్రేషను జరిగింది. అమ్మ వేలిముద్ర యంత్రానికి అందక నాలుగుసార్లు చేతులు కడిగించారు. దస్తావేజు రాసే ఆయన చిత్తుప్రతిని గబగబ చదువుతూ నిధి నిక్షేప జల పాషాణ దగ్గరికి వచ్చేసరికి, బాబాయ్ చెయ్యెత్తి ఆపి, ఆ పాషాణాలు మాత్రం నన్ను తీసుకుపొమ్మన్నారు. గాడి పక్కన కుప్ప పడి ఉన్న రాయి గురించి ఆయన బాధ. అక్కడ బోరు వేయించాలట. మరునాడు 900 రూపాయలకు ట్రాక్టరు మాట్లాడి దాన్ని చేను గట్టు మీదికి చేర్పించాను.